ఫోమిచ్ బాబాయ్ సలాడ్ డబ్బాలు

ఫోమిచ్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడైనా దీపం వెలుగుతూ ఉండి, దాని కింద పచ్చగా ఏదీ మొలవకపోతే ఆయన చూసి భరించలేడు.

రష్యా ఉత్తరపు కొసన ఉన్న మూర్మన్స్క్‌లో డిసెంబరు మొదట్లో పోయిన సూర్యుడు జనవరి సగం వరకూ మొహం చూపించడు. ఆ నలభై రోజులూ ఊళ్ళో ఉన్న వెలుగంతా బల్బులదే. ఆ వెలుగులో మేం వంట చేసుకునేవాళ్ళం, ఉత్తరాలు చదువుకునేవాళ్ళం, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. ఫోమిచ్ లెక్కలో అదంతా దుబారా. వెలుగన్నది సలాడ్ ఆకు కోసం పుట్టింది. మిగిలినవాళ్ళం దాన్ని తేరగా వాడుకుంటున్నాం.

ఆయన అసలు పేరు సవేలీ ఫోమిచ్. ఇరవై రెండేళ్ళు చేపల ఓడల్లో ఇంజను మెకానిక్‌గా చేసి మానేసిన మనిషి. మేమున్న ఐదంతస్తుల బిల్డింగులో నాలుగో అంతస్తు ఆయనది, మూడో అంతస్తు మాది. నేనూ రొదియోన్ పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో దిగిన ఏడు అక్టోబరు మూడున రొదియోన్ ఓడెక్కాడు. కొత్త సంవత్సరానికి వచ్చేస్తానన్నాడు. సరిగ్గా ఐదో రోజు సాయంత్రం మా తలుపు మోగింది. తీస్తే, చెవులు కప్పే టోపీ పెట్టుకున్న బక్కపల్చటి మనిషి, చంకలో ఖాళీ చేపల డబ్బా. డబ్బా నిండా మట్టి.

"మీ వంటింటి బల్బు ఎన్ని వాట్లు?" అన్నాడు.

"మీరెవరండీ?"

"పై అంతస్తు. ఎన్ని వాట్లు?"

"అరవై. ఏం?"

"అరవై!" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒక్క మనిషికి అరవై వాట్లా! ఏం చేస్తున్నావమ్మాయ్ అంత వెలుగు పెట్టుకుని?"

"టీ తాగుతున్నా."

"టీ చీకట్లో కూడా తాగొచ్చు."

బూట్లు గుమ్మంలో వదిలి, చిల్లుల మేజోళ్ళతో తిన్నగా వంటింట్లోకి నడిచాడు. కిటికీ గట్టు మీద డబ్బా పెట్టాడు. తర్వాత కుర్చీ ఎక్కి, పైన ముడేసి ఉన్న వైరు విప్పి, బల్బుని సరిగ్గా డబ్బా మీదికి జానెడెత్తులో వేలాడదీశాడు. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్న ఆరేళ్ళలో ఆ బల్బు నా నుదుటికి ఎన్నిసార్లు తగిలిందో చెప్పలేను. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా వంటింట్లో కాస్త తల వంచుకునే నడుస్తాను.

"రోజూ ఐదున్నరకొస్తా," అన్నాడు కుర్చీ దిగుతూ.

"ఎందుకూ?"

"నిన్ను చూడ్డానికి కాదులే. సలాడ్‌ని చూడ్డానికి."

వచ్చాడు. గడియారం సరిచేసుకోవచ్చు, అంత కచ్చితంగా వచ్చాడు. నాతో పలకరింపులేం ఉండవు. గట్టు ముందు వంగి, మొలకలతో మాట్లాడేవాడు.

"ఏమే, నిన్న ఇటు వాలావు, ఇవాళ అటు వాలావు? ఒక చోట నిలకడగా ఉండలేవా? ఈవిడ నీళ్ళు పోసిందా లేదా? భయపడకు, నిజం చెప్పు." చెవి దగ్గర పెట్టి వినేవాడు. నా వైపు తిరిగేవాడు. "పోయలేదంటోంది."

"పోశాను బాబాయ్!"

మళ్ళీ వినేవాడు. "టీ నీళ్ళు పోసిందట."

అది నిజమే. కప్పులో మిగిలిన చల్లారిన టీ పోశాను. ఆయనకెలా తెలిసిందో దేవుడికెరుక.

అసలు ఆ సలాడ్ గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని ఆకుకూర అనడానికి కొంచెం ధైర్యం కావాలి. బల్బు వెలుగులో పెరిగిన మొక్క కదా, దారంలా సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగి, ఒడ్డుకొచ్చిన మొదటి రోజు నావికుడిలా పక్కకి ఒరిగిపోయేది. కానీ ఆకుని కాస్త గిల్లితే చాలు. ఒక వాసన వచ్చేది. బయట మంచు గాలి, లోపల గదిని వేడిచేసే రేడియేటర్ వాసన, ఎండుచేప వాసన, వాటి మధ్య ఒక్క క్షణం పచ్చిగా, తడిగా అదొచ్చేది. మా ఎదురింటి గ్లఫీరా ఆ వాసన చూసి ఓసారి చెంచా పట్టుకుని అలా నిలబడిపోయింది. "ఏమైందే?" అంటే, "ఏం లేదు. మా అమ్మ పెరట్లో ఉన్నా, కాసేపు పిలవకు," అంది. నాకు వోల్గా ఒడ్డున మా ఊళ్ళో దోసపాదుల మీది పొద్దుటి మంచు బొట్లు గుర్తొచ్చేది. దాని వెనకే రొదియోన్ గుర్తొచ్చేవాడు. అతను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. అయినా గుర్తొచ్చేవాడు. ఆ రోజుల్లో ఏది తలుచుకున్నా దాని చివర అతనే ఉండేవాడు.

ఆకు కోయడం మాత్రం కుదరదు. ఫోమిచ్ చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఒక రోజు ఉండబట్టలేక ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను. ఐదున్నరకి ఆయనొచ్చి గట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"నిన్న పదకొండు. ఇవాళ పది."

"రాలిపోయిందేమో బాబాయ్."

"రాలితే కింద పడుంటుంది. చూశా."

నేను గిన్నెలు తోముతున్నట్టు నటించాను.

"ఎలా ఉంది?" అన్నాడు.

"ఏది?"

"నువ్వు తిన్న ఆకు."

"...చేదుగా ఉంది."

"ఊఁ. అయితే ఇంకో వారం ఆగాలి," అని నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన డబ్బాలు ఒక్క మా ఇంట్లోనే లేవు. ఆ చలికాలం ఓ రోజు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ దీపం ఆయన మొహం మీదికి తిప్పి, "నోరు తెరవండి," అంది.

"నాకేం నొప్పి లేదు. ఒక పేషంటుకీ ఇంకో పేషంటుకీ మధ్య ఈ దీపం ఊరికే వెలుగుతుందా?"

"వెలుగుతుంది. అయితే?"

కోటు జేబులోంచి డబ్బా తీశాడు. ఆ తర్వాత ఆ క్లినిక్‌కి వెళ్ళినవాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని సలాడ్ వైపు చూస్తూ పళ్ళు పీకించుకున్నారు. నొప్పి తెలియలేదని కొందరన్నారు. నాకైతే తెలిసింది.

నేను ట్రాలీబస్సు డ్రైవర్ని. డ్రైవర్ గదిలో నా నెత్తి మీద ఒక చిన్న లైటుంటుంది. అది ఆయన కంటపడకుండా ఎక్కడికి పోతుంది? నవంబరులో ఓ పొద్దున డిపో దగ్గర ఎదురుపడి, మయొనైజ్ సీసాలో ఉల్లికాడలు తెచ్చి అద్దం ముందు తాడుతో కట్టేశాడు. "ఇది రూల్సుకి విరుద్ధం బాబాయ్," అన్నాను. "చదివా. ఉల్లిపాయల గురించి ఎక్కడా లేదు," అన్నాడు. అంతకుముందు ఆ బస్సులో జనం కాలర్లలోకి మొహాలు దాచుకుని కూర్చునేవాళ్ళు, స్టాపు రాగానే దిగిపోయేవాళ్ళు. రోజంతా వందల మందిని మోసి, ఒక్క మాట వినకుండా ఇంటికెళ్ళేదాన్ని. ఉల్లికాడలొచ్చాక నా గదికి అడ్డంగా ఉన్న గాజు పలక మీద తట్టి, "ఇవాళ ఎంత పెరిగిందమ్మా?" అని అడగడం మొదలెట్టారు. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ తన స్టాపు దాటిపోయిందని కూడా చూసుకోకుండా దాని గురించి సలహాలిచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, "తీసెయ్యి," అన్నాడు. బస్సు బస్సంతా ఆయన మీద లేచింది. పై వారం ఆయనే ఒక డ్రాపర్‌తో నీళ్ళు తెచ్చాడు.

అన్నిటికంటే పెద్ద యుద్ధం మా బిల్డింగు మేనేజరు సెరఫీమాతో జరిగింది. రెండో అంతస్తు మెట్ల మలుపులో ఒక బల్బుంది. దాని కింద ఫోమిచ్ డబ్బా పెట్టాడు. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ గొడవ ఐదంతస్తులకీ వినపడేది.

"సవేలీ ఫోమిచ్! ఇది ప్రజల వెలుగు!"

"అయితే ఇది ప్రజల సలాడే, సెరఫీమా గారూ!"

"మెట్ల మీద సామాను పెట్టకూడదు!"

"ఇది సామానా? మొన్న పుట్టింది, ఇంకా నడవడం కూడా రాదు!"

గొడవ బాగా ముదిరిన రోజున ఆవిడ డబ్బా పట్టుకెళ్ళిపోయేది. మధ్యాహ్నానికి ఇంకోటి ప్రత్యక్షం. మర్నాడు మళ్ళీ తొమ్మిదింటికి యుద్ధం. పట్టుకున్న డబ్బాలన్నీ ఆవిడ తన ఇంట్లో సాక్ష్యం కింద దాచిపెట్టింది. సాక్ష్యం చచ్చిపోతే కేసు నిలవదు కాబట్టి రోజూ వాటికి నీళ్ళు పోసేది. డిసెంబరుకి ఆవిడ గదిలో తొమ్మిది సాక్ష్యాలు ఏపుగా పెరుగుతున్నాయి.

ఇవన్నీ నవ్వుకోడానికి బాగుండేవి. ఒక్కటి మాత్రం మా ఆడవాళ్ళెవరికీ మింగుడు పడలేదు. నవంబరు చివర్లో గ్లఫీరా మొగుడు ఓడ దిగి ఇంటికొచ్చాడు. ఐదు నెలల తర్వాత రావడం. ఇల్లంతా పండగ. ఆ సాయంత్రమే ఫోమిచ్ వెళ్ళి, డబ్బాలో ఆకంతా కోసి పళ్ళెంలో పెట్టి, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకున్నాడు.

"అదేంటి బాబాయ్, డబ్బా ఎక్కడికి?"

"మీ బల్బు మంచిది కాదు. సలాడ్‌కి పడలేదు."

"నాలుగు నెలలు పడింది కదా!"

"ఇవాళ్టి నుంచి పడదు."

గ్లఫీరాకి ఒళ్ళు మండిపోయింది. "మొగుడికి నాలుగు రోజులు పచ్చాకు పెట్టుకుందామంటే పట్టుకుపోయాడు, ఓర్వలేనివాడు!" అని మూడు వారాలు తిట్టింది. మూడు వారాలకి ఆవిడ మొగుడు మళ్ళీ ఓడెక్కాడు. మర్నాడు ఐదున్నరకి ఫోమిచ్ డబ్బాతో గుమ్మంలో నిలబడ్డాడు.

"బల్బు బాగుపడిందా?"

"ఎవరూ మార్చలేదు!"

"దానంతటదే బాగుపడుంటుంది. కొన్ని బల్బులంతే," అంటూ లోపలికి నడిచాడు.

ఆ డిసెంబరు ఇరవై ఏడు నుంచి రొదియోన్ ఓడ నుంచి కబురు ఆగిపోయింది.

రేవు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ అప్పటికే పదిమంది ఆడవాళ్ళున్నారు. కిటికీ వెనక మనిషి, "రేడియో అందడం లేదు. తెలిస్తే చెప్తాం," అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. కొత్త సంవత్సరం రోజున గ్లఫీరా పిలిచింది, వెళ్ళలేదు. బస్సు నడిపాను, ఇంటికొచ్చాను, కోటు విప్పకుండా మంచం మీద కూర్చున్నాను. దీపం వేయలేదు. బయటా చీకటే, లోపలా చీకటే, రెండింటికీ తేడా లేకపోతే కాస్త నయంగా అనిపించింది. రొదియోన్ షర్టు ఒకటి ఉతక్కుండా దాచుకున్నాను, దానికి డీజిల్ వాసన. అది ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఐదున్నరకి తలుపు మోగింది. తీశాను.

"దీపమేదీ?" అన్నాడు ఫోమిచ్.

"వేయను."

"ఎప్పటి నుంచి?"

"నిన్న నువ్వు వెళ్ళినప్పటి నుంచి."

"సలాడ్ చచ్చిపోతుంది, అమ్మాయ్."

"చావనీ!" అన్నాను. ఆ మాట ఎవరి గురించి అన్నట్టు వినిపించిందో నాకే తెలిసి ఇంకా కోపమొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఆ డబ్బా తీసి నేలకేసి కొట్టాను. "మనుషులకి దిక్కు లేదు, నీ గడ్డి ఒకటి నాకు! రోజూ వస్తావు, నేనొకదాన్ని ఉన్నానని కూడా చూడవు, నీ గడ్డితో మాట్లాడి పోతావు! పో!"

ఆయన వెళ్ళలేదు. దీపం వేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద చెల్లాచెదురైన మట్టిని అరచేత్తో దగ్గరికి తీశాడు. ఒక్కో మొలకనీ వేళ్ళతో ఏరి డబ్బాలో నిలబెట్టడం మొదలెట్టాడు. కాసేపటికి మాట్లాడసాగాడు. నాతో కాదు. మొలకతో.

"చూడవే, నీకొక సంగతి చెప్తా. ఈవిడతో అనకు, ఈవిడకి నా మీద కోపంగా ఉంది. ఓడ మాట్లాడకపోతే జనం ఏవేవో అనుకుంటారు. నేను ఇరవై రెండేళ్ళు చేశా కదా, చెప్తున్నా విను. చలికాలం ఓడ స్తంభం మీద, తీగల మీద మంచు పేరుకుంటుంది. మనిషి తొడ లావున పేరుకుంటుంది. ఆ బరువుకి రేడియో తీగ తెగిపోతుంది. ఇంజను బానే ఉంటుంది, వంటవాడు బానే ఉంటాడు. లోపల కుర్రాళ్ళు గొడ్డళ్ళతో మంచు కొట్టుకుంటూ, సూప్ తాగుతూ, వంటవాణ్ణి తిడుతూ ఉంటారు. నేను ఒక ఏడాది పద్నాలుగు రోజులు అలా మాటా పలుకూ లేకుండా ఉన్నా. ఆ పద్నాలుగు రోజుల్లో నేను చేసిన పాపం ఏంటో తెలుసా? డామినోస్ ఆటలో మూడుసార్లు తొండి."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఈవిడ మొగుడి ఓడలో మెకానిక్ ఎవరో కనుక్కున్నా," అన్నాడు మొలకతో. "నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మాట్లాడ్డం చేతకాదు, బుద్ధి లేదు, కానీ ఇంజను ఆగనివ్వడు." డబ్బా గట్టు మీద పెట్టి, బల్బు సర్ది, నా వైపు చూడకుండానే, "దీపం ఆర్పకు. వేళ్ళు కదిలాయి దీనికి, వెలుగు కావాలి," అని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి రోజుకి రెండుసార్లు వచ్చాడు. నేను డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. రోజూ మొలకకి ఒక కథ చెప్పాడు. ఉత్తర సముద్రంలో మంచు కథలు, వంటవాళ్ళ కథలు, పిల్లిని దొంగతనంగా ఓడెక్కించిన కథ. నేను బంగాళదుంపలు తొక్క తీస్తూ వినేదాన్ని. మూడో రోజు తెలియకుండా నవ్వొచ్చింది. ఆయన గబుక్కున నా వైపు చూసి, అంతకంటే గబుక్కున మొలక వైపు తిరిగి, "నవ్వకే, సీరియస్ విషయం," అన్నాడు.

జనవరి ఏడున ఓడ రేవులోకి వచ్చింది. సగం రేడియో తీగ నిజంగానే లేదు. రొదియోన్ గడ్డం మీద మంచుతో గుమ్మంలో నిలబడ్డాడు. నేనేం మాట్లాడానో, అసలు మాట్లాడానో లేదో గుర్తు లేదు. అతని కోటు గుండీలు నా బుగ్గ మీద అచ్చు పడ్డాయి, అది గుర్తుంది.

ఐదున్నరకి ఫోమిచ్ వచ్చాడు. రొదియోన్‌కి ఒకసారి తల ఊపాడు. ఆకు కోశాడు, పళ్ళెంలో పెట్టాడు, డబ్బా చంకలో పెట్టుకున్నాడు.

"ఈ బల్బు మంచిది కాదు," అన్నాడు.

"బాబాయ్, మాతో భోంచేసి వెళ్ళు," అన్నాను.

"నాకు పనుంది. కింద ఒకమ్మాయి కొత్తగా దిగింది. వంటింట్లో నలభై వాట్లు, గదిలో అరవై. ఒక్కతే!" అంటూ తల విదిలించుకుని వెళ్ళిపోయాడు.

రొదియోన్ ఆకు తింటూ, "ఈయనేనా ఫోమిచ్?" అన్నాడు. "మా వంటవాడు పాతవాడు. ఈయనతో తిరిగాడు. జోయా సంగతి చెప్పాడు."

"జోయా ఎవరు?"

"ఈయన భార్య. ఒక ఏడు ఈయన ఎనిమిది నెలలు ఓడ మీదే ఉండిపోయాడట. చీకటి నెలలంతా. వచ్చేసరికి ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఏమీ అనలేదట. తర్వాత చెప్పిందట. అంగడికెళ్ళి ఉప్పడగబోతే గొంతు పెగల్లేదని. ఎందుకా అని లెక్కేసుకుంటే, ఇరవై రోజులుగా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని. ఆ వసంతంలో దక్షిణాన అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. కోపంతో కాదు. ఎండలో ఉండాలనిపించిందట. ఈయన పై ఏడు సముద్రం మానేసి, 'ఇప్పుడు ఒడ్డునే ఉన్నా, వచ్చెయ్యి' అని రాశాడు. 'ఎండకి అలవాటు పడిపోయాను సవేలీ' అని జవాబొచ్చింది. ఆ తర్వాత ప్రతి ఏడూ శరత్కాలంలో ఒక కవరొస్తుందట. ఉత్తరం ఉండదు. విత్తనాలుంటాయి."

నేను ఆ మాట విని కోటు వేసుకుని గ్లఫీరా ఇంటికి వెళ్ళాను. ఇద్దరం కూర్చుని ఏ డబ్బా ఎక్కడుందో వేళ్ళ మీద చెప్పుకుంటూ పోయాం. నేను. గ్లఫీరా. ఐదో అంతస్తులో ఓడవాడి పెళ్ళాం ఒకావిడ. మొగుడు పోయిన పళ్ళ డాక్టరు. కింద కొత్తగా దిగిన అమ్మాయి. మొగుడు ఇంట్లో ఉన్న ఇల్లు ఒక్కటి లేదు.

"మరి మెట్ల బల్బు?" అంది గ్లఫీరా. "అక్కడెవరున్నారు?"

ఇద్దరం ఒకేసారి ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. సెరఫీమా! పదేళ్ళుగా ఒక్కతే ఉంటోంది. ఎవరితోనూ పొసగదు, ఎవరూ పలకరించరు. రోజూ పొద్దున తొమ్మిదింటికి మాత్రం మెట్ల మీద ఓ అరగంట గొంతెత్తి మాట్లాడేది. ఇంటికి పిలిచి టీ ఇస్తే ఆవిడ రాదు. పోట్లాటకైతే రోజూ వస్తుంది.

"ఆవిడకి చెప్పకు," అంది గ్లఫీరా.

చెప్పనక్కర్లేకపోయింది. జనవరి రెండో వారం చివర్లో ఒక రోజు తొమ్మిదింటికి మెట్ల మీద గొడవ వినపడలేదు. బిల్డింగంతా చెవులు రిక్కించింది. తొమ్మిదింబావుకి సెరఫీమా మా తలుపు కొట్టింది. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు.

"రాలేదు," అంది. "ఎన్నడూ ఇలా చేయలేదు. ఏమైందో చూడండి."

గ్లఫీరాని కూడా పిలుచుకుని ముగ్గురం నాలుగో అంతస్తుకి వెళ్ళాం. తలుపు తాళం లేదు. ఇన్నాళ్ళూ ఆయన మా ఇళ్ళల్లోకి చిల్లుల మేజోళ్ళతో తిరిగాడు కానీ, మేమెవరం ఆయన ఇంట్లో అడుగుపెట్టలేదు. మంచం మీద దుప్పటి కింద వణుకుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. గ్లఫీరా డాక్టరు కోసం పరిగెత్తింది. నేను నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. బల్బు వెలుగుతోంది. దాని కింద బల్ల. బల్ల మీద దక్షిణాది ముద్రతో ఒక కవరు, పక్కన కొద్దిగా విత్తనాలు. కిటికీ గట్టు చూశాను. ఏమీ లేదు. ఒక్క డబ్బా లేదు, ఒక్క సీసా లేదు, ఒక్క ఉల్లిపాయ లేదు. ఊరంతా పచ్చగా చేసిన మనిషి ఇంట్లో బల్బు ఒట్టిగా వెలుగుతోంది.

సెరఫీమా నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. చాలాసేపు ఆ గట్టు వైపు చూసింది. గిరుక్కున తిరిగి కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి రెండు చేతులా సాక్ష్యాలు. నాలుగుసార్లు మెట్లెక్కి దిగింది. తొమ్మిది డబ్బాలూ గట్టు మీద వరసగా పెట్టి, బల్బు కిందికి దించి, మంచం దగ్గరికి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సవేలీ ఫోమిచ్, మీ సలాడ్‌ని మీ ఇంట్లో పెట్టాను. నేను రోజూ పొద్దున తొమ్మిదింటికి వచ్చి చూసుకుంటా. అభ్యంతరం ఉందా?"

"ఉంది," అన్నాడు ఫోమిచ్ దుప్పట్లోంచి నీరసంగా. "తొమ్మిదికి కాదు. ఎనిమిదిన్నరకి నీళ్ళు పోయాలి."

ఆ రోజు నుంచి మేం వంతులు వేసుకున్నాం. సెరఫీమా పొద్దున, గ్లఫీరా మధ్యాహ్నం, డ్యూటీ దిగాక నేను, శనివారాలు పళ్ళ డాక్టరు. కోడి సూపు, తేనె వేసిన పాలు, ఆవపిండి వేసిన వేడినీళ్ళు, ఎవరికి తోచింది వాళ్ళం పట్టుకెళ్ళేవాళ్ళం. సూర్యుడు కొండ వెనక నుంచి మొదటిసారి తొంగిచూసిన రోజున మేం నలుగురం ఆయన కిటికీలోంచే చూశాం. ఆయన మంచం మీద నుంచే, "అంతేనా? పోయినేడు ఇంకాస్త పెద్దగా ఉన్నాడు," అని వంకపెట్టాడు.

ఫిబ్రవరి నెలాఖరున మా వీధి డాక్టరు నినెల్ ఓసిపోవ్నా ట్రాలీబస్సులో కనపడింది. గాజు పలక మీద తట్టింది.

"ఫైనా, ఫోమిచ్‌కి ఎలా ఉంది?"

"ఇంకా దగ్గుతున్నాడండీ. లేవలేకపోతున్నాడు. ఏమైనా గట్టి మందిస్తారేమోనని మేమే మీ దగ్గరికి వద్దామనుకుంటున్నాం."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వాపుకుంటోందని అర్థమైంది.

"ఆ మనిషికి ఐదు వారాల కిందటే తగ్గిపోయింది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా."

ఆ సాయంత్రం మెట్ల మీద సెరఫీమాకీ గ్లఫీరాకీ ఈ సంగతి చెప్పాను. సెరఫీమా చేతిలో ఇంకా పొగలు కక్కుతున్న సూపు గిన్నె ఉంది.

"నాకు పది రోజుల కిందటే తెలుసు," అంది ఆవిడ. "నేను మెట్లెక్కుతున్న చప్పుడు వినపడే ముందు లోపల పాట పాడుతున్నాడు. నేను తలుపు తీయగానే దగ్గు మొదలెట్టాడు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సూపు చల్లారిపోతోంది, జరగండి," అంటూ ఆవిడ మమ్మల్ని తోసుకుని పైకి వెళ్ళిపోయింది.

మార్చి చివరికి కిటికీల నిండా ఎండ పడుతోంది, వీధుల్లో మంచు కరిగి పారుతోంది. ఫోమిచ్ బాబాయ్ మాత్రం ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. అంత బాగా దగ్గే ఆరోగ్యవంతుణ్ణి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.